మా ఊరి చెరువుని ఎనిమిదో తరగతి పిల్లలు కంప్యూటర్లో కట్టారు

మా బడి కంప్యూటర్ రూములో పది సిస్టమ్స్ ఉంటే ఆరు పనిచేస్తాయి. ఎనిమిదో తరగతిలో పిల్లలు 34 మంది. నాలుగు నెలలుగా ఈ 34 మందీ ఆ ఆరు సిస్టమ్స్ మీద మా ఊరి చెరువుని కట్టారు. కట్ట, రెండు తూములు, కలుజు (చెరువు నిండితే మిగులు నీళ్ళు పోయే దారి), కాలువ, ఆయకట్టు కొస దాకా, అంతా కంప్యూటర్ లోపల ఇటుకల్లాంటి గడులు పేర్చి. వేరే బళ్ళలో పనిచేసే స్నేహితులు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి ఎట్లా చేశావు, మా బడిలో కుదురుతుందా అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అంతా ఇక్కడ రాసేస్తే నయమని కూర్చున్నాను.

నెల్లూరు జిల్లాలో కోవూరు దాటి సముద్రం వైపు లోపలికి వచ్చే ఊళ్ళలో మాదొకటి. ఒకవైపు వరి, ఇంకోవైపు రొయ్యల గుంటలు. నేను సోషల్ చెప్తాను. కంప్యూటర్ల గురించి నాకు పెద్దగా తెలియదు, నేర్చుకుంటూ చేశాను.

అందరూ ముందు అడిగేది సాఫ్ట్‌వేర్ గురించి, కాబట్టి అది చెప్పేస్తా. గడులు పేర్చి ఏదైనా కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ పేరు పిల్లలకి ముందే తెలుసు, సగం మంది యూట్యూబ్‌లో చూసినవాళ్ళే. 2011లో పూర్తిగా విడుదలైన ఆట అది, 2014లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది, 2016లో బళ్ళ కోసం విడిగా ఎడ్యుకేషన్ ఎడిషన్ తెచ్చింది. బాగుంటుంది, కానీ ఒక్కొక్కరికి ఏడాదికింతని లైసెన్స్ కట్టాలి, మాకు కుదరలేదు. మేం వాడింది అట్లాంటిదే ఇంకొకటి, లువాంటి. ఇదివరకు దీన్ని మైన్‌టెస్ట్ అనేవాళ్ళు, ఫిన్లాండ్ అతను ఒకరు 2010లో మొదలుపెట్టారు, 2024లో పేరు మార్చారు. పూర్తిగా ఉచితం, పాత సిస్టమ్స్‌లో కూడా నడుస్తుంది, ఒకసారి వేసుకున్నాక ఇంటర్నెట్ అక్కర్లేదు. నా ల్యాప్‌టాప్‌ని సర్వర్‌గా, అంటే మిగతావాటికి ఆటని అందించే కంప్యూటర్‌గా పెట్టి, ఇంట్లో వాడకుండా పడున్న రౌటర్ ఒకటి తెచ్చి ఆరు సిస్టమ్స్‌నీ కలిపాం. లువాంటి వేసుకున్నాక లోపల ఆడడానికి మైన్‌టెస్ట్ గేమ్ అని విడిగా దించుకోవాలి, ఇది తెలియక నాకు ఒక సాయంత్రమంతా పోయింది, మీకు పోకూడదని చెప్తున్నా. గడులు ఎన్నైనా వాడుకోనిచ్చే క్రియేటివ్ మోడ్ పెట్టి, దెబ్బలు తగలడం ఆపేస్తే చంపుకోవడాలు ఉండవు. ఖాళీ నేల ఉంటుంది, రకరకాల గడులు ఉంటాయి, ఒకే నేల మీద ఆరు సిస్టమ్స్ నుంచి ఒకేసారి పనిచేయొచ్చు.

ఉన్న ఊరిని ఇట్లా గడుల్లో కట్టి చూడడం నాకు పుట్టిన ఆలోచన కాదు. ఐక్యరాజ్యసమితి వాళ్ళ యూఎన్ హ్యాబిటాట్, మైన్‌క్రాఫ్ట్ చేసిన మొజాంగ్ కంపెనీ కలిసి 2012లో బ్లాక్ బై బ్లాక్ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. పేటల్లో ఉండేవాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళ పార్కు, వాళ్ళ వీధి ఎట్లా ఉండాలో వాళ్ళ చేతే కట్టిస్తారు. ప్లాన్ కాగితం చూస్తే ఏమీ అర్థం కానివాళ్ళు కూడా తెర మీద నడిచి చూసి, ఇక్కడ లైటు లేదు, ఇక్కడ ఆడవాళ్ళు రాత్రిపూట నడవలేరు అని చెప్పగలుగుతారు. అది చదువుతుంటే నాకు మా చెరువు గుర్తొచ్చింది.

మొదటి రోజు మాత్రం ఘోరంగా పోయింది. ఒక్కో సిస్టమ్ దగ్గర ఐదారుగురిని కూర్చోబెట్టి కలిసి చేయండి అన్నాను, అంతే. చురుకైన మగపిల్లలు ఆరుగురు ఆరు మౌసులూ పట్టేసుకున్నారు. ఆడపిల్లలు వెనకాల నిలబడ్డారు, ఇళ్ళలో ఫోన్ కూడా అన్నదమ్ముల చేతిలోనే ఉంటుంది కాబట్టి వాళ్ళకి అది కొత్తగా కూడా అనిపించలేదు. చెవులు సరిగా వినపడని అమ్మాయి ఒకతి ఉంది మా క్లాసులో, ఆ పిల్ల మన పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది. తెర బాగా కనిపించాలని నేను లైట్లు తీసేసి, పిల్లల వైపు వీపు పెట్టి, తెర చూపిస్తూ మాట్లాడాను. ఆ పిల్లకి ఒక్క మాటా అందలేదు. ఇంకొక పిల్లాడికి పుట్టుకతోనే ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు లేవు. ఈ ఆటలో ఎడమ చేత్తో మీటలు నొక్కి నడవాలి, కుడి చేత్తో మౌస్ తిప్పి చూడాలి, రెండూ ఒకేసారి. వాడు కాసేపు ప్రయత్నించి, మౌస్ పక్కవాడికి ఇచ్చేసి, "నాకు వద్దులే టీచర్, వాళ్ళు ఆడతంటే చూస్తా" అన్నాడు. వాడు నవ్వుతూనే అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది, అందరితో పాటు ఒకే తరగతిలో చదువుకునే హక్కు ఇచ్చింది, ఇదంతా మేం ట్రైనింగుల్లో విన్నదే. కానీ ఆ పిల్లాడు నా తరగతిలో కూర్చునే ఉన్నాడు, పాఠంలో మాత్రం లేడు. ఆ అమ్మాయి మూడేళ్ళుగా మొదటి బెంచీలో కూర్చుని పక్కపిల్ల నోట్సు చూసి రాసుకుంటోంది, మేమంతా 'మంచి పిల్ల, గోల చేయదు' అని మెచ్చుకుంటూ వచ్చాం.

బీఈడీలో జిగ్‌సా పద్ధతి అని ఒకటి చదివాను, పరీక్ష రాసి మర్చిపోయాను. అమెరికాలో ఇలియట్ అరాన్సన్ అనే సైకాలజిస్టు 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్ బళ్ళలో మొదలుపెట్టిన పద్ధతి. అప్పుడే నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ ఒకే బడిలో కలిపారు, తరగతుల్లో పడడం లేదు, గొడవలు. ఆయన పిల్లలకి నీతులు చెప్పలేదు. పాఠాన్ని ముక్కలు చేసి గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. నీ ముక్క నీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు, కాబట్టి నువ్వు చెప్పేది మిగతావాళ్ళు వినాల్సిందే, లేకపోతే వాళ్ళకే పాఠం పూర్తి కాదు. పాత నోట్సు వెతికి తీసి అది మళ్ళీ చదివాను. సాఫ్ట్‌వేర్ మార్చాల్సిన పని లేదు, పనిని పంచే తీరు మార్చాలి, అని అప్పుడు అర్థమైంది.

రెండో వారం నుంచి ఇట్లా చేశాం. సగం క్లాసు పీఈటీ సార్‌తో చెరువు కట్ట మీదికి, సగం కంప్యూటర్ రూములోకి, మరుసటి వారం మారతారు. బయటివాళ్ళు కొలతలు తెస్తేనే లోపలివాళ్ళు గడి పెట్టాలి, అంచనాగా పెట్టడానికి వీల్లేదు. లాంగ్ జంపుకి వాడే 30 మీటర్ల టేపు తీసుకుని కట్ట కొలిస్తే ఇరవై టేపులొచ్చింది, అంటే 600 మీటర్లు. పొడవుకి గడి అంటే ఐదు మీటర్లు అనుకున్నారు, 120 గడులు. అదే లెక్కన ఎత్తు చూస్తే నాలుగు మీటర్ల కట్ట ఒక్క గడి కూడా రాదు. పెద్ద వాదన జరిగింది, ఒక పీరియడంతా పోయింది, చివరికి ఎత్తుకి మాత్రం గడి అంటే అర మీటరు అని ఒప్పుకున్నారు, కట్ట ఎనిమిది గడుల ఎత్తు లేచింది. లెక్కల సార్ వచ్చి చూసి, స్కేలు పాఠం నేను మళ్ళీ చెప్పక్కర్లేదు అన్నారు.

లోపల ప్రతి సిస్టమ్ దగ్గరా ముగ్గురు. ఒకరు కట్టేవాళ్ళు, ఒకరు కొలతల కాగితం పట్టుకున్నవాళ్ళు, ఒకరు మిగతా ఐదు గుంపులతో చాట్‌లో మాట్లాడేవాళ్ళు. ప్రతి పదిహేను నిమిషాలకి బెల్లు, బెల్లు కొట్టగానే కుర్చీలు మారాలి. లువాంటిలో ఒక సౌకర్యం ఉంది, చాలామందికి తెలియదు. సర్వర్ దగ్గర కూర్చున్నవాళ్ళు ఎవరికి ఏ అనుమతి ఉండాలో ఇవ్వొచ్చు, తీసేయొచ్చు. ఇంటరాక్ట్ అనే అనుమతి తీసేస్తే ఆ సిస్టమ్ వాళ్ళు లోపల తిరగగలరు, చూడగలరు, చాట్‌లో మాట్లాడగలరు, ఒక్క గడి మాత్రం పెట్టలేరు, తీయలేరు. ఆరు సిస్టమ్స్‌లో ఒకదానికి అనుమతి తీసేసి మొత్తం చెరువు మ్యాపు వాళ్ళకే ఇచ్చాను. మ్యాపు ఉన్నవాళ్ళు కట్టలేరు, కట్టేవాళ్ళకి మ్యాపు లేదు. మొదటిసారి గది నిండా పిల్లలు ఒకరినొకరు అడగడం విన్నాను.

కొలతల్లో అన్నిటికంటే కష్టం చెరువు లోతు. అది ఎస్టీ కాలనీ నుంచి వచ్చే ఒక పిల్లాడి పని అయింది. వాళ్ళు యానాదులు, మా జిల్లాలో వాళ్ళ కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఈ పిల్లాడు వారంలో మూడు రోజులొస్తే గొప్ప, మిగతా రోజులు వాళ్ళ నాన్నతో గుంటల మీద పనికి పోతాడు. వాడికి ఆ చెరువులో ఎక్కడ మోకాలి లోతో, ఎక్కడ నిలువు లోతో, ఎక్కడ ఒండ్రు మేట వేసిందో, ఎక్కడ ఏ చేప పడుతుందో గడ తిప్పకుండానే తెలుసు. నేను పిల్లల్ని నీళ్ళలోకి దిగనివ్వను కాబట్టి వాళ్ళ నాన్నే తెప్ప మీద పోయి గడతో కొలిచాడు, వీడు గట్టున కూర్చుని తొమ్మిది చోట్ల లోతులు రాసుకున్నాడు. ఆ కాగితం వీడి జేబులో ఉంది. వీడేమో నాలుగు రోజులు బడికి రాలేదు.

మామూలుగా అయితే హాజరుపట్టీలో ఆబ్సెంట్ వేసేదాన్ని, అంతకు మించి ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. ఈసారి కట్టే పిల్లలకి పని ఆగిపోయింది. చెరువు అడుగు లేకుండా తూము ఏ ఎత్తున పెట్టాలో తెలియదు. ఐదో రోజు సాయంత్రం బడి వదిలాక నలుగురు పిల్లలు, నేను చెప్పకుండానే, సైకిళ్ళేసుకుని కాలనీకి పోయారు. అందులో ఇద్దరు అంతకుముందు ఆ కాలనీలో అడుగు పెట్టినవాళ్ళు కాదు, ఒకే ఊరు, ఒకే క్లాసు. మరుసటి రోజు వాడొచ్చాడు. ఆ నెలంతా రోజూ వచ్చాడని చెప్పను, రాలేదు, ఇంటి దగ్గర అవసరాలు అట్లా ఉన్నాయి. కానీ రానప్పుడు "వాడు రాలేదు టీచర్, ఇప్పుడెట్టా" అని క్లాసులో ఒకరు అడగడం మొదలైంది. అంతకుముందు ఎనిమిదేళ్ళ చదువులో వాడి గురించి ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు.

వినపడని అమ్మాయి సంగతి. రూములో ఒక నియమం పెట్టుకున్నాం, గుంపుల మధ్య మాటలు నోటితో కాదు, చాట్‌లోనే. నేను చెప్పేది కూడా ముందు చాట్‌లో కొట్టి, తర్వాత లైట్లేసి పిల్లల వైపు తిరిగి చెప్పేదాన్ని. మా సిస్టమ్స్‌లో తెలుగు అక్షరాలు కొడితే ఒత్తులు, గుణింతాలు విడిపోయి వస్తున్నాయి, అందుకని వాట్సాప్‌లో కొట్టినట్టు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు. మొదటి రెండు పీరియడ్లు ఆ పిల్ల ఏమీ రాయలేదు. మూడో పీరియడ్‌లో ఒక గుంపు కలుజు కట్టేసి అయిపోయిందని ప్రకటించుకుంది. అందరి తెరల మీదా ఒక వాక్యం వచ్చింది: "కలుజు కట్టతో సమానంగా పెట్టారు. వానొస్తే నీళ్ళు కట్ట మీద నుంచి పోతాయి, కట్ట తెగుద్ది." ఎవరు రాశారని అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆ పిల్ల మళ్ళీ కొట్టింది, "రెండు గడులు దించండి."

చెరువు నిండితే మిగులు నీళ్ళు పోవడానికే కలుజు, అది కట్ట కంటే తక్కువ ఎత్తులో ఉండాలి. పుస్తకంలో కలుజు గురించి లేదు, నేను కూడా చెప్పలేదు. ఎట్లా తెలుసని రాసి అడిగితే, తాతతో చిన్నప్పటి నుంచి కట్ట మీద తిరిగానంది. వాళ్ళ తాత కాలువ మీద లస్కరుగా, అంటే నీళ్ళు వదిలి కాలువ చూసుకునే పనివాడిగా చేసిన మనిషి. కొలతల కాగితంలో కూడా కట్ట కంటే మీటరు తక్కువనే ఉంది, కట్టినవాళ్ళు ఆ గీత చూసుకోలేదు. రెండు గడులు దించారు. ఆ రోజు నుంచి ఏ గుంపు ఏది పూర్తి చేసినా ముందు ఆ పిల్లని చాట్‌లో పిలిచి చూపించేవాళ్ళు. తప్పుంటే నిర్మొహమాటంగా చెప్పేది. ఇంత మాట్లాడే పిల్ల అని మాకు మూడేళ్ళలో తెలియలేదు.

చెయ్యి పట్టులేని పిల్లాడికి మొదట నేను చేసిన ఏర్పాటు, ఆటలో తిరిగే ఒక బొమ్మని ఇద్దరు నడపడం. పక్కవాడు మీటలు నొక్కి నడుపుతాడు, వీడు మౌస్‌తో చూస్తాడు, గడులు పెడతాడు. బాగానే సాగింది కానీ వారం తిరిగేసరికి పక్కవాడు "ఉండరా నేను చేస్తాలే" అని మౌస్ కూడా తీసుకోవడం మొదలుపెట్టాడు. వాడిది మంచి మనసే, తొందరగా అయిపోవాలని. నేనే ఆలోచించి చూస్తే, పెద్దవాళ్ళం మేం కూడా వీడికి చేస్తున్నది అదే, సంచి మోస్తాం, బొమ్మ గీసిపెడతాం, ప్రాజెక్టు అతికించి ఇస్తాం. సాయం పేరుతో వాడి పనంతా మేమే చేసేస్తున్నాం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం నుంచి వచ్చే ఐఈఆర్‌టీ (అట్లాంటి పిల్లలకి చెప్పే టీచర్) మేడంకి చెప్తే ఆమె సెట్టింగ్స్ తెరవమంది. ఏ పని ఏ మీటకి కావాలంటే దానికి మార్చుకోవచ్చు. ఒకసారి నొక్కితే బొమ్మ దానంతటదే ముందుకు నడుస్తూ ఉండే ఏర్పాటు కూడా ఉంది, దానికి కుడి చేతికి దగ్గరగా ఉన్న మీట పెట్టాం. ఇప్పుడు వాడు మీట నొక్కి వదిలేస్తాడు, బొమ్మ నడుస్తుంది, అదే చేత్తో మౌస్ తిప్పుకుంటాడు, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. నెమ్మదిగానే, కానీ తనంతట తాను. దిగువ తూము మొత్తం వాడే కట్టాడు. ఐదు పీరియడ్లు పట్టింది, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు.

గొడవలు లేవా అంటే, ఉన్నాయి. ఒకరోజు ముగ్గురు మగపిల్లలు పక్క గుంపు కట్టిన కాలువంతా పీకేశారు. ఇట్లాంటిది జరిగితే వెనక్కి తిప్పే ఏర్పాటు సర్వర్‌లో ఉంటుంది, ముందే ఆన్ చేసి పెట్టుకోవాలి, నేను పెట్టుకున్నాను కాబట్టి బతికాం. ఎవరి స్థలం వాళ్ళకి కంచె వేసేసినట్టు రక్షణ పెట్టే ఏర్పాటు కూడా ఉంది, అదీ పెట్టి చూశాను, గొడవలు ఆగాయి, దాంతో పాటు గుంపుల మధ్య మాటలు కూడా ఆగాయి. వారంలోనే తీసేశాను. పిల్లలే కూర్చుని ఒక నియమం రాసుకున్నారు, ఇంకొకరు పెట్టిన గడి తీయాలంటే చాట్‌లో అడగాలి, వాళ్ళు సరే అంటేనే తీయాలి. దాన్ని అట్టముక్క మీద రాసి గోడకి అంటించారు. పీకేసిన ముగ్గురిలో ఒకడి చేతిరాతే అది.

నాకు బాగా నచ్చిన భాగం నీళ్ళు. ఈ కంప్యూటర్ ప్రపంచంలో నీళ్ళ ధోరణి వేరు. చెరువులో పోసిన నీళ్ళు తూము తెరిచినా తగ్గవు, ఎండవు. కానీ కాలువలో కొన్ని గడులు పారి ఆగిపోతాయి. పిల్లలు ముందు సులువు దారి పట్టారు, నీళ్ళు ఆగినచోటల్లా బకెట్టుతో ఇంకో గడి నీళ్ళు పోసేశారు, కాలువ కళకళలాడింది. అప్పుడు కొస ఆయకట్టులో పొలం ఉన్న ఇంటి పిల్ల ఒకతి అంది, "మా పొలం దగ్గర ఎవరొచ్చి బకెట్టుతో పోస్తారు?" దాని మీద ఎంతసేపు మాట్లాడుకున్నామో. పైవాళ్ళు ఎక్కువ వాడుకుంటే కొసవాళ్ళకి ఎందుకు అందవు, వంతులు ఎట్లా వేస్తారు, వాళ్ళ ఇళ్ళలో జరిగిన తగాదాలు, అన్నీ బయటికొచ్చాయి. చివరికి నీళ్ళు చెరువులో తప్ప ఎక్కడా పోయకూడదని తీర్మానించారు. మరి కాలువ పారేదెట్లా? ఒకడు కనిపెట్టాడు, నీళ్ళు ఆగేలోపు నేల ఒక గడి దిగితే, దిగిన చోటు నుంచి మళ్ళీ కొత్తగా పారతాయి. అంటే వాటం కావాలి. 34 మందీ కాలువ మొత్తం పీకి, మెట్లు మెట్లుగా వాటంతో మళ్ళీ తవ్వారు, పొలాలన్నీ ఆ లెక్కన దించారు. కొస పొలంలోకి నీళ్ళు దిగిన రోజు గదిలో అరుపులకి హెడ్మాస్టర్ పరిగెత్తుకొచ్చారు.

కుదరనివి కూడా చెప్పాలి. చూపు బాగా తక్కువున్న పిల్లాడు ఒకడున్నాడు, అక్షరాలు పెద్దవి చేసి, తెరకి దగ్గరగా కూర్చోబెడితే కొంతవరకు చేయగలిగాడు, ఎక్కువసేపు కాదు. అసలు చూపు లేని పిల్లలుంటే ఈ ఆట వాళ్ళని బయటే నిలబెడుతుంది, ఇది మొత్తం కంటితో చేసే పని. మీ క్లాసులో అట్లాంటి పిల్లలుంటే దీని వెంటపడకండి, ఒండ్రుమట్టితో నేల మీద చెరువు చేయించండి, జిగ్‌సా దానికీ పనికొస్తుంది. మేం కూడా ఆ పిల్లాడి కోసం వరండాలో మట్టి చెరువు ఒకటి చేశాం, తర్వాత అందరూ వాటం చూసుకోవడానికి ముందు దాని దగ్గరికే పోయేవాళ్ళు. ఇద్దరు ఆడపిల్లలకి తెర మీద తిరుగుతుంటే కళ్ళు తిరిగాయి, వాళ్ళని పది నిమిషాలకి మించి కూర్చోనివ్వలేదు. ఎదుగుదల తేడాలున్న పిల్లల కోసం కూడా ఇట్లాంటి ప్రపంచాలు బాగా వాడుతున్నారు, ఆటిజం ఉన్న పిల్లలు ఏడిపింపులు లేకుండా ఆడుకోవడానికని కెనడాలో ఒక తండ్రి 2013లో ఆట్‌క్రాఫ్ట్ అని మైన్‌క్రాఫ్ట్ సర్వర్ తెరిచాడు. నాకు ఆ అనుభవం లేదు కాబట్టి అంతకంటే చెప్పను.

సిలబస్ ఎప్పుడు అవుతుందని అడిగారు కొందరు. వారానికి రెండు పీరియడ్లే దీనికి వాడాను, వనరుల పాఠం ఇందులోనే అయిపోయింది, మిగతావి మామూలుగానే నడిచాయి.

పోయిన శుక్రవారం తల్లిదండ్రుల్ని పిలిచి చూపించాం. వినపడని అమ్మాయి వాళ్ళ తాత కూడా వచ్చాడు, కండువా భుజాన వేసుకుని తెర ముందు స్టూలు మీద కూర్చున్నాడు. మనవరాలు మౌస్ పట్టుకుని కట్ట మీద నడిపించింది, ఎగువ తూము, కలుజు, దిగువ తూము, ఒక్కొక్కటీ చూపించింది. దిగువ తూము కట్టిన పిల్లాడు పక్కనే నిలబడి ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాడు. పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తెర మీద వేలు పెట్టి, "బాగుంది టీచరమ్మా, అంతా మన చెరువే. కాకపోతే ఈడ ఇంకో చిన్న తూము ఉండేది, మా నాయన కాలంలో పూడిపోయింది. రాళ్ళు ఇంకా ఉండాయి, కంపలో వెతకాల" అన్నాడు. పిల్లలు అప్పుడే పోదామన్నారు, చీకటి పడుతోందని ఆపాను.

రేపు శనివారం. టేపు పీఈటీ సార్ దగ్గరుంది, కత్తి తాతే తెస్తానన్నాడు.